నలభై ఒక్క నల్ల కుట్లు

అరకులోయ,
14-11-1999

సరళక్కకి, విసుగు తప్ప ఇంకేమీ మిగలని నీ హేమ రాస్తున్నది.

మ్యూజియంలో నాకు అప్పగించిన మొదటి పని ఒక పాత చొక్కా. ముతక నూలు, దానిమీద ఎర్రదారంతో నెమళ్ళు. నెలాఖరుకి ప్రారంభోత్సవం. క్యూరేటర్ వరహాలరావుగారు రోజూ వచ్చి, "సబ్బునీళ్ళలో జాడించి ఇస్త్రీ కొట్టెయ్యండమ్మా" అంటారు. తడిస్తే ఎరుపు కారుతుందని అద్దుడు కాగితం మీద మరక చూపించాను. "అయితే కొంచెమే తడపండి" అన్నారు!

అసలు సంగతి అది కాదక్కా. చొక్కా మెడని ఎవరో నల్లదారంతో పూర్తిగా మూసి కుట్టేశారు. వంకరటింకర కుట్లు, నలభై ఒకటి. "తరవాత ఎవరో వేసిన, నైపుణ్యం లేని కుట్లు" అని రిపోర్టులో రాసి, అన్నీ విప్పేశాను. చొక్కాని బొమ్మకి తొడిగాను.

మొన్న శుక్రవారం సంతకి పసుపు తెచ్చిన చిన్నమ్మి అనే ముసలావిడ లోపలికొచ్చి, చొక్కా మీది ఒంటికాలి నెమలిని చూసి ఆగిపోయింది. "ఇది మా తాత సొక్కా. మెడ ఎవులిప్పినారు?" అంది. వాళ్ళింట్లో మగమనిషి పోతే, ఆ చొక్కా ఇంకెవరూ తొడుక్కోకుండా పెళ్ళాం మెడ కుట్టేస్తుందట.

"వచ్చినప్పుడే ఇలా ఉంది" అనేశాను. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం వరహాలరావుగారి టేబుల్ మీదే ఉంది. ఏం చెయ్యను?

నీ
హేమ

---

అరకులోయ,
28-11-1999

అక్కా,

"విప్పినవాళ్ళు ఒప్పుకోవాలి" అని కార్డుముక్క మీద ఒక్క వాక్యం రాసి పడేశావు. కుట్టుమిషను ముందు కూర్చుని చెప్పడం ఎంత తేలిక!

చెప్పాను. మొన్న సంతరోజున, వరహాలరావుగారి ఎదుటే. చిన్నమ్మి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వా గుంటా? ఏటి, తొడుక్కుందారనుకున్నావా?" అంది.

"మళ్ళీ నువ్వే కుట్టమ్మా" అన్నాను.

"నానెందుకు కుడతాను? ఇప్పినోలే కుట్టాల. కుట్టినోలు మూడ్రోజులు పులుపు ముట్టరు, నువ్వూ ముట్టకు."

"మెడ మూసేస్తే బొమ్మకెలా తొడుగుతారు?" అని వరహాలరావుగారు అరిచారు. "తొడగం సార్" అన్నాను. ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయారు.

పాత కన్నాల్లోంచే నలభై ఒక్క కుట్లూ వేశాను. పక్కనే కూచున్న చిన్నమ్మి, "మా యవ్వ ఏడుస్తా కుట్టింది, అయినా నీకంటే నయం" అంది.

చొక్కా ఇప్పుడు గాజుపెట్టెలో పరిచి ఉంది. నా కాగితం మీద ఇంకా సంతకం పడలేదు. రెండు రోజులుగా చారు లేదు, మజ్జిగ లేదు, ఉత్త పప్పన్నం.

రిపోర్టులో "నైపుణ్యం లేని కుట్లు" అన్న మాట కొట్టెయ్యలేదు. "తరవాత ఎవరో" అన్నచోట మాత్రం నా పేరు రాశాను.

నీ దగ్గర కుట్టు సరిగ్గా నేర్చుకోని చెల్లెలు,
హేమలత