నేను రాయని పేపరు

మంగళవారం

ఈరోజు కాలేజీలో నాకు శాలువా కప్పారు. ముప్ఫై ఏళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన రోజు కూడా ఇన్ని చప్పట్లు వినలేదు. ఇక్కడ వారానికి రెండు క్లాసులు చెప్పడమే నా పని. ఆరు నెలలకే "గొప్ప పరిశోధకుడు" అయిపోయాను. ఏం పరిశోధించానో నాకే తెలీదు.

నా పేరుతో ఏదో పత్రికలో పరిశోధన పేపరు వచ్చిందట. స్టేజీ దిగి అది తెప్పించుకుని చదివాను. ఫర్నేస్ స్లాగ్‌ని, అంటే ఇనుము తీశాక మిగిలే చిట్టాన్ని, ఎనిమిది వందల డిగ్రీల దగ్గర కరిగించి ఇటుకలు పోశామట! ఆ వేడికి స్లాగ్ కరగదు, రాయిలా పడుంటుంది. మా షిఫ్టులో ఎవర్నడిగినా చెప్తారు. అలాంటి పేపరు మీద నా పేరు.

రాసిన లెక్చరర్ రమణని పట్టుకుని అడిగాను.

"ఏటి సేత్తాం సార్? ఏడాదికి ఆరు పేపర్లు లేకపోతే ఉజ్జోగం తీసేత్తారు. మన ల్యాబ్‌లో ఫర్నేసే లేదు కదా. డైరెక్టర్ గారే మీ పేరెట్టమన్నారు."

నేరుగా డైరెక్టర్ దగ్గరికెళ్లి నా పేరు తీసేయమన్నాను. నవ్వాడు.

"ర్యాంకులిచ్చే టీమ్ వచ్చే వారమే వస్తోందండీ. పక్క కాలేజీ వాళ్లు మనకి రెట్టింపు పేపర్లు వేశారు. అయినా ఇవన్నీ ఎవరు చదువుతారు సార్?"

సిగ్గులేని మనిషి. భీమిలి రేవులో కుళ్లిన చేపని కూడా ఇంత ధైర్యంగా ఎవరూ అమ్మరు.

ఇంటికొచ్చి ఆ పత్రికకి ఉత్తరం రాశాను. ఈ ప్రయోగం జరగనే లేదు, పేపరు వెనక్కి తీసుకోండి అని. పంపబోతూ పేపరు మళ్లీ చూశాను. మొదటి పేరు రమణది, రెండోది నాది. డైరెక్టర్ పేరు ఎక్కడా లేదు.