పఠనం మధ్యలో ఆపినందుకు

పూజ్యులైన ఫాదర్ గారికి నమస్కారాలు.

ఆదివారం పూజలో పఠనం మధ్యలో ఆపి నేనెందుకు కిందికి దిగిపోయానో అడిగారు. ఎదురుగా నిలబడి చెప్పలేక రాస్తున్నాను.

ఆ రోజు నాకు చదవడానికి వచ్చింది ప్రేమ గురించి పౌలు గారు రాసిన భాగం. ప్రేమకు సత్యమే సంతోషమన్న చోట తలెత్తి చూశాను. మూడో బల్ల మీద నా తోడికోడలు కూర్చుని ఉంది. పుస్తకం మూసి కిందికి దిగాను.

ఆరేళ్ల క్రితం మా అత్తగారి సమాధి దగ్గర, అందరూ వింటుండగా, "వేళకు మందు వేయకుండా అత్తయ్యను పొట్టన పెట్టుకున్నావు" అని ఆమెను అన్నాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. పూజలో మీరు పక్కవాళ్లకు శాంతి సమాధానాలు చెప్పుకోమన్నప్పుడల్లా నేను వేరే వైపు తిరిగేదాన్ని. అలాగే వెళ్లి సత్ప్రసాదం తీసుకునేదాన్ని.

ఆదివారం ఆమె దగ్గరికెళ్లి, వంగి, "అక్కా, నన్ను క్షమించు" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఆ మాట అందరిలో అన్నావు. ఇది నా చెవిలో చెప్తావేం?" అంది.

ఆమె అడిగింది న్యాయమే. అందుకే వచ్చే ఆదివారం నాకు పఠనం ఇవ్వకండి. పూజ అయ్యాక ఒక్క నిమిషం మైకు ఇప్పించండి. కుటుంబం పరువు పోతుందని మావారు వద్దంటున్నారు. మీరు మాత్రం కాదనకండి.

గుడిలో పీఠం మీద పరిచే గుడ్డలకు అంచు కుట్టేశాను, ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.

మైకులో ఏం చెప్తానో మీకు ముందుగా తెలియాలి. ఆ రోజు అత్తయ్యకు మందు వేయాల్సిన వంతు నాది. మరిచిపోయింది నేను.

ఇట్లు,
మీ సంఘంలోని కుట్టుపని ఆమె