గాజుగిన్నెలో చిగురు

పెందుర్తి,
ఆదివారం.

అమ్మకు గౌరి దండాలు. ఇక్కడ నేనూ కొండలరావు మావయ్యా కులాసా. అక్కడ నీ పన్ను తప్ప మిగతా అందరూ కులాసా అనే అనుకుంటున్నాను. ఫోన్లో పన్ను మాటెత్తగానే పెట్టేస్తున్నావు, అందుకే ఈ ఉత్తరం. పక్కింటి ఆశాజ్యోతీ, మా అమ్మకి నెమ్మదిగా చదివి వినిపించు. మధ్యలో లేచిపోతే ఆవిడ చెంగు పట్టుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. "అద్దాల గదిలో ఏటి సేత్తన్నావే?" అన్నావు. పంటి గుంతల్లో పెట్టే సిమెంట్లు చిగుళ్ళకి పడతాయో పడవో సీతమ్మధారలో మా ల్యాబులో చూస్తాం. పీకిన పంటికి చిన్న చిగురు ముక్క అంటుకుని వస్తుంది. దాన్ని గాజుగిన్నెలో వేసి, గులాబీ రంగు నీళ్ళు పోసి, మన ఒంటి వేడి ఉండే పెట్టెలో దాస్తాం. కొన్నాళ్ళకి ముక్క అంచుల్లోంచి కణాలు బయల్దేరతాయి. కంటికి ఆననంత చిన్న ప్రాణాలు, వాటితోనే మన ఒళ్ళంతా కట్టి ఉంది.

మైక్రోస్కోపులో కన్ను పెడితే నేల మీద ఉన్నట్టుండదమ్మా. సన్నటి చేపపిల్లల్లా అన్నీ ఒకే వైపు తలలు పెట్టి, అలల్లేని నీటి అడుగున నిద్రపోతున్నట్టుంటాయి. మద్దిలపాలెంలో బస్సు దిగి హారన్ల మధ్య నడుస్తున్నా నా కళ్ళ వెనక అవే ఈదుతుంటాయి. చిగుళ్ళకి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, కోసినా మళ్ళీ చిగురిస్తాయని వాడికి తెలుసు.

"అయ్యి గంజి తాగుతాయేటి?" అన్నావు. ఆ గులాబీ నీళ్ళే వాటి గంజి. "నొప్పెడతాదా?" అని కూడా అడిగావు. అది చివర్లో చెబుతాను.

ఇప్పుడు తిట్లు. పన్ను సలుపుతోందని అడ్డపొగ ఎక్కువ చేశావట. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుంటే నొప్పి చస్తుందని నీకు ఏ వెధవ చెప్పాడు? చచ్చేది నొప్పి కాదు, నోరు. నమలడం మానేసి గంజితో సరిపెడుతున్నావట. నీ ఎక్స్‌రే చూసి మా ల్యాబు పళ్ళ డాక్టరు సత్యశ్రీ మేడం, ఇప్పుడు పూడిస్తే పన్ను నిలుస్తుంది, ఆలస్యమైతే పీకడమే అంది. అది చెబితే నువ్వేమన్నావు? "నీ సిమెంటు నా నోట్లో ఎట్టే ముందు నీ నోట్లో ఎట్టుకో!" వీధంతా నవ్విందట. నాకు ఒళ్ళు మండింది. మావయ్య ఇంకా ఎక్కించాడు: "మీ యమ్మ నోటికి ఆ సిమెంటేటి సాల్తాదే, హార్బర్లో పోసే కాంక్రీటు గావాల!"

దాచినమాట ఇప్పుడు చెబుతున్నాను. మొన్నామధ్య గొంతు నొప్పని నీతో సరిగ్గా మాట్లాడలేదు కదా. అది గొంతు కాదు. నా జ్ఞానదంతం పీకించుకున్నాను. అడ్డంగా మొలిచింది, ఎలాగూ తీయాల్సిందే. దానికి అంటుకొచ్చిన చిగురు పరీక్షకి తీసుకోమన్నాను. మేడం ఒప్పుకోలేదు.

"పనిచేసేవాళ్ళ దగ్గర తీసుకోకూడదమ్మా, తప్పు."

"నోట్లో ఎట్టుకోమంది మా యమ్మ. నాను గిన్నెలో ఎట్టుకుంతాను. నా సిగురు నా ఇష్టం!"

వదల్లేదు నేను. చివరికి పైవాళ్ళ అనుమతి తెప్పించి, నా చేత సంతకం పెట్టించుకుంది.

రెండు సిమెంట్లు పెట్టాం. ఒకటి మీ ఆర్‌ఎంపీ అప్పలసూరి "ఇట్టే ఎట్టేత్తాను" అంటున్నాడే, ఆ కొత్త తెల్ల రకం. రెండోది మేడం నీకు పెడతానన్న పాత రకం. తెల్లదాని చుట్టూ చేపపిల్లలు ముడుచుకుపోయి, గుండ్రంగా, పైకి తేలిపోయాయి. నొప్పెడతాదా అన్నావు. వాటికి తెలీదమ్మా. నా దవడ మాత్రం సలిపింది.

పాత రకం గిన్నెలో అవి ఈదుకుంటూ సిమెంటు అంచుదాకా వచ్చాయి. ఒడ్డుకి చేరిన పడవల్లా దాన్ని ఆనుకుని పడుకున్నాయి. ఎంతసేపు చూశానో తెలీదు. ఒక్క పరీక్షతో అన్నీ తేలిపోవని మేడం చెబుతూనే ఉంది. నిజమే. కానీ ఆ పాత రకం ఎందరి నోళ్ళలోనో ఏళ్ళ తరబడి ఉందని కూడా ఆవిడే చెప్పింది. నాకది చాలు.

ఇంక నీకు సాకు లేదు. ఆ చిగురు నాది. నాదంటే సగం నీది, నీ కడుపులో కట్టిందే కదా. నా నోట్లో పెట్టుకోమన్నావు. నీ చిగురులోనే పెట్టాను. బతికింది.

అప్పలసూరికి నోరు తెరవకు. పలాస పాసింజరెక్కి వచ్చెయ్. స్టేషన్‌కి మావయ్య వస్తాడు. చుట్టలు ఇంట్లోనే వదిలెయ్. ముందు పన్ను పూడ్పించి, తర్వాత మైక్రోస్కోపు అద్దంలో నీకు నిన్ను చూపిస్తాను.

ఇట్లు,
నీ కడుపు చిగురు,
గౌరి.