మీ పెద్దమ్మ అడిగిన మాట

మానసా,

ప్రార్థనలో మమ్మల్ని తలుచుకో తల్లీ.

ఇంగ్లండులో న్యూరాలజీ శిక్షణలో ఉన్న మీ అన్నయ్య నిరంజన్ సెలవు మీద ఏలూరు వచ్చాడు. మీ పెద్దమ్మ చేతులు గంటసేపు చూశాడు. కండరాలు చచ్చుబడే జబ్బని, నయం కాదని నేరుగా తనతోనే చెప్పేశాడు. నేను నిర్ఘాంతపోయాను.

"పేషెంటుకే ముందు చెప్పాలి పెదనాన్నా. మాకక్కడ ఎలా చెప్పాలో దానిక్కూడా పరీక్ష పెడతారు" అన్నాడు.

ఇక్కడి డాక్టరుగారు క్రిస్మస్ ముందే మీ పెద్దమ్మని బయట కూర్చోబెట్టి, "ఆవిడతో అనకండి" అని ఈ జబ్బు సంగతి నాకొక్కడికే చెప్పారు. నువ్విక్కడ చదువుతున్నదీ న్యూరాలజీయే కదా.

నిరంజన్ చెప్పింది విని మీ పెద్దమ్మ ఏడవలేదు. గరిటె రెండు చేతులా పట్టుకుని నిరంజన్‌కి కొరమేను పులుసు వడ్డించింది. తరవాత నావైపు తిరిగి, "మీకెప్పటినుంచి తెలుసండీ?" అంది.

ఇలా అడిగితే ఏం చెప్పాలో మీకిక్కడ నేర్పుతారా తల్లీ?

మీ పెదనాన్న