ఇంకో వాన పడేదాకా కప్పు జోలికి పోకండి

అక్కా,

తిడితే తిట్టావు గానీ, ముందు ఇది చదువు. కప్పు బాగుచేసే మేస్త్రీని ఈ వారం రావద్దని బావతో చెప్పించు. ఇంకో వాన పడేదాకా ఆ కప్పు జోలికి పోకండి.

పత్రిక ముఖచిత్రానికి వాన ఫోటో కావాలన్నారు. ఊరంతా తిరిగి తడిసి ముద్దయ్యాను. గొడుగులు, గుంటలు, బస్సు అద్దాలు, అన్నీ తీశాను. మా ఎడిటరమ్మ చూసి, "నీళ్లున్నాయి గానీ ఇందులో వాన ఏదయ్యా?" అంది. తల కొట్టేసినట్టయింది. చివరికి మొన్న మీ ఇంట్లో ఊరికే నొక్కిన ఫోటో చూపించాను. వంటగది గుమ్మం దగ్గర కారుతున్నచోట గిన్నె పెట్టి, వచ్చి కిటికీ పక్కన నిలబడ్డావే, అది. ఆవిడ నీ చెంప మీది చినుకు మీద వేలు పెట్టి, "ఇదీ వానంటే! గిన్నె ఫోటోలో సగమే పడింది, మళ్లీ తియ్యి" అంది. అందుకే ఈ బతిమాలడం. అదే చీర కట్టుకుని నిలబడు, చాలు. చెంప మీద చుక్క నేనే పెడతాను.

ఇక్కడిదాకా రాసి, నిన్ను సరిగ్గా ఎక్కడ నిలబెట్టాలా అని ఫోటో ముందు పెట్టుకున్నాను. కప్పు కారేది గుమ్మం దగ్గర. నువ్వున్నది గదికి ఆ చివర. కిటికీ మూసే ఉంది. నీ జుట్టూ చీరా పొడిగానే ఉన్నాయి.

ఈ ఫోటో ఎవరికీ ఇవ్వను. మేస్త్రీని రమ్మనండి. ఈ ఉత్తరం వెనకే బయల్దేరుతున్నాను, కెమెరా లేకుండా. ఆ రోజు "కదలకు" అన్నానే గానీ, అడగాల్సింది అడగలేదు.

ఏమైందక్కా?

నీ తమ్ముడు