ఈ ఏడాది మన సంఘం

జయశ్రీ అక్కా,

మీరు ఐర్లాండ్‌లో మొదలుపెట్టిన మన స్లైగో కాలేజీ తెలుగు సంఘం ఈ ఏడాది ఏమేం సాధించిందో, పూర్వ విద్యార్థుల సభలో చదవడానికి రాసి పంపమన్నారు. ఉగాదికి హాలు నిండిపోయింది. వేసవిలో క్రికెట్ కప్పు గెలిచాం. గెలిపించింది మా కెప్టెన్ నవదీప్.

ఆ తర్వాత కొద్ది రోజులకే, అతను షాపులో పని ముగించుకుని నడిచి వస్తుంటే ఎవరో కుర్రాళ్లు తల మీద కొట్టారు. పోలీసులు ఇంకా వాళ్ల కోసం వెతుకుతూనే ఉన్నారు. అతనికి ఈరోజుకీ స్పృహ రాలేదు. "మీ భాషలో మాట్లాడుతూ ఉండండి" అని నర్సు చెబితే, అందరం వంతులు వేసుకుని వెళ్లి మాట్లాడాం. ఇప్పుడు చీకటి పడితే బయటికి రావడానికి అందరికీ భయం. సంఘం కార్యదర్శి రుచిత, నేను తప్ప ఆసుపత్రికి ఎవరూ రావడం లేదు. ఇక మార్పు ఉండదని డాక్టర్లు చెప్పేశారు.

పోయిన వారం నవదీప్ వాళ్లమ్మ లక్ష్మీకాంతం గారు అనకాపల్లి నుంచి వచ్చారు. కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుని, "ఈడికిక్కడ మనోళ్లెవరైనా ఉన్నారా బాబూ?" అని అడిగారు.

"మన తెలుగు సంఘం ఉందండీ" అన్నాను.

ఆమె తలుపు వైపు చూసి, "ఏరీ?" అన్నారు.

ఆ రోజు రుచిత కూడా రాలేదు.

సభలో ఏం చదవాలో మీరే నిర్ణయించండి అక్కా.

ఇట్లు,
సంఘం అధ్యక్షుడు