మా ఆవిడ పాఠాలు, నా ట్యాగులు

జూన్ 3, సోమవారం. ఉదయం 6:00
శుభారంభం! మా ఆవిడ కుట్టుపని వెబ్‌సైటులో 214 వీడియో పాఠాలు. అన్నీ ఒకే కుప్ప! ఒక్కోదాని కింద తగిన మాట ట్యాగుగా పెడితే చాలు. ఆ మాట నొక్కగానే అలాంటి పాఠాలన్నీ వరుసగా వచ్చేస్తాయి. ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసు రికార్డు గదిని ఏలి రిటైరైనవాణ్ణి. నాకిదో లెక్కా?
నియమం: పాఠానికి మూడే ట్యాగులు. మొత్తం ముప్పై దాటరాదు.
“జేబు, కాలరు, జిప్పు అని పెట్టేయండి, చాలు” అంది. పాపం, ఫైలింగ్ గురించి ఆవిడకేం తెలుసు!
సాయంత్రం 5:00. ముప్పై పాఠాలు పూర్తి. భేష్!

జూన్ 4
పాఠాలు 11. ట్యాగులు 46. ముప్పై అని ఏదో ఉజ్జాయింపుగా అన్నాను. ‘జేబు’ అంటే ఏం తెలుస్తుంది? ఆ పాఠం ఏ దశలో ఉందో తెలియొద్దూ? కొత్త ట్యాగులు: ‘స్వీకరించబడినవి’, ‘పరిశీలనలో’, ‘పరిష్కరించబడినవి’, ‘అత్యవసరం’, ‘అతి అత్యవసరం’.

జూన్ 5
వేగం పుంజుకుంది! 60 పాఠాలు! పాఠాల పేర్లు మరీ చిన్నపిల్లల మాటల్లా ఉన్నాయని తీసేసి నంబర్లు వేశాను. కుట్టు పాఠం అంటే కు.పా./97/జూన్. చూడ్డానికి ఎంత హుందాగా ఉందో!

జూన్ 6
పాఠాలు 0. నడుం నొప్పి. కుర్చీ మంచిది కాదు. ట్యాగులు 203.

జూన్ 7, శుక్రవారం. సాయంత్రం 4:00
పక్కవీధి అమ్మాయి ఫోను. మా ఆవిడ శిష్యురాలు. రేపు పదింటికి బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కుట్టు పరీక్ష. ప్యాంటుకి జిప్పు వేసి చూపించాలట.
“బాబాయిగారూ, జిప్పు పాఠం ఎక్కడుందండీ?”
“ ‘పరిష్కరించబడినవి’లో చూడమ్మా.”
“అందులో డెబ్భై నాలుగు నంబర్లున్నాయండీ!”
“ఓపిక పట్టాలమ్మా” అన్నాను.

జూన్ 8
పరీక్ష పోయింది. జిప్పు వంకరపోయిందట. వచ్చే గురువారం ఇంకో అవకాశం ఇచ్చారు. అదే ఆఖరుదట.
మా ఆవిడ భోజనం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. సిగ్గేసింది.
అయినా ఆ పిల్ల నెట్టు స్లో అయ్యుంటుంది.

జూన్ 10, సోమవారం
సైటులో నాకు తెలియని ట్యాగు! ‘ఆయన ముట్టుకోనివి’. కింద 113 పాఠాలు, మా ఆవిడ కొత్తగా తీసిన జిప్పు పాఠం ఒకటి. పేర్లు పేర్లుగానే ఉన్నాయి.
నిన్న ఒక్కరోజే దాన్ని 340 మంది నొక్కారు. నా ట్యాగులన్నిటికీ కలిపి నాలుగు నొక్కులు. ఆ నాలుగూ నావే.

జూన్ 11, మంగళవారం. ఉదయం 6:00
పడ్డవాడు లేవకూడదా? మళ్లీ మొదలు! ఈసారి పాఠానికి రెండే ట్యాగులు. ముందుగా దిక్కులేని ఆ 114 పాఠాలూ దారిలో పెట్టాలి. మొట్టమొదట ఆ జిప్పు!
6:05. పాస్‌వర్డు పనిచేయడం లేదు.
6:10. ఇంకా పనిచేయడం లేదు.
“ఏమోయ్, పాస్‌వర్డు మార్చావా?”
మిషను ఆగలేదు. మా ఆవిడ తలెత్తలేదు.
“మీ దరఖాస్తు స్వీకరించబడిందండీ. పరిశీలనలో ఉంది. ఆ పిల్ల పరీక్ష అయ్యాక, శుక్రవారం రండి.”
6:15. సరే. శుక్రవారం ఉదయం ఆరింటికి శుభారంభం!